కూడలిలో మూగపిల్ల

నాలుగు రోడ్లు కలిసే చోట, మూల మీద ఉంటుంది మా ఇస్త్రీ కొట్టు. కొట్టంటే పెద్దదేం కాదు. ఒక బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, మడతపెట్టిన బట్టలకి గోడ పొడుగునా చెక్క అరలు. మా ఆయన ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెస్తాడు, నేను ఇస్త్రీ చేస్తాను. రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడతాను కాబట్టి ఎర్రదీపం పడినప్పుడల్లా ఆగే బండ్లూ, వాటి మధ్యన తిరిగే ఆ పిల్లా రోజంతా నా కళ్ళ ముందే.

ఆ పిల్లని అందరూ మూగపిల్ల అనేవాళ్ళు. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. కారు అద్దం మీద వేలితో మెల్లగా తట్టి, పెదవుల మీద చెయ్యి పెట్టి, ఆ చేతినే అడ్డంగా ఊపేది, నాకు మాట రాదు అని. ఆ తర్వాత అరచెయ్యి చాపేది. కొందరు వేసేవాళ్ళు, కొందరు అద్దం ఎత్తేసేవాళ్ళు. ఎవరేం చేసినా ఆ ముఖంలో మార్పుండేది కాదు.

రోడ్డుకి అవతల, ఎప్పుడో మూతబడిన గడియారాల షాపు మెట్ల మీద వాళ్ళ మేనత్త కూర్చుని ఉండేది. తమ్ముడు, మరదలు పోతే వాళ్ళ బిడ్డని ఈవిడ తెచ్చుకుంది. అప్పటికి కట్టడం పనికి వెళ్ళేదట. ఒకరోజు ఇనప చువ్వల కట్ట జారి కాలి మీద పడింది. ఎముక అడ్డదిడ్డంగా అతుక్కుని కాలు వంకరపోయింది. పని పోయింది, పనితో పాటు ఉంటున్న రేకుల గది పోయింది. అలా ఇద్దరూ మా కూడలికి వచ్చి పడ్డారు.

వాన పడితే పిల్ల పరుగెత్తుకొచ్చి నా బల్ల కింద దూరేది. "ఏం తల్లీ, తడిసిపోయావా?" అంటే కళ్ళెత్తి చూసేది, అంతే. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొడిగుడ్డ ఇస్తే తల తుడుచుకుని, దాన్ని నాకంటే చక్కగా మడతపెట్టి బల్ల మీద పెట్టేది. "నీ కొట్టుకి వారసురాలు దొరికింది, ఇక నన్ను వెళ్ళగొట్టు" అని మా ఆయన హాస్యమాడేవాడు.

పిల్లల్ని పట్టుకెళ్ళే సర్కారు వ్యాను అప్పుడప్పుడు వచ్చేది. పెద్దవాళ్ళెవరో ఊరికి వస్తున్నారంటే తప్పకుండా వచ్చేది. మొదటిసారి పిల్లని ఎత్తుకెళ్ళినప్పుడు వాళ్ళత్త మెట్ల మీద నుంచి పడి, మోచేతుల మీద పాకుతూ రోడ్డు మధ్యదాకా వచ్చింది. చూసినవాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. పిల్లని ఊరి చివర పిల్లల హోంలో వేశారని తర్వాత తెలిసింది. అక్కడ ఏం అడిగినా జవాబు లేకపోతే మూగచెవిటి పిల్లల గదిలో పెట్టారట. కొన్నాళ్ళకి చూద్దునా, పిల్ల మళ్ళీ బండ్ల మధ్య ఉంది. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. అంత దూరం నుంచి, ఎవర్నీ దారి అడగడానికి నోరు లేని పిల్ల ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ తీసుకెళ్ళారు, మళ్ళీ వచ్చింది. గోడకి కొట్టిన బంతిలా మా కూడలికే వచ్చేది.

"అడుక్కోవడం అలవాటైన ప్రాణం, నాలుగ్గోడల మధ్య ఉంటుందా?" అనేవాడు పక్కనున్న రొట్టెల కొట్టాయన. నాకూ అంతేనేమో అనిపించేది.

ఆ తర్వాత పిల్లల సంక్షేమ ఆఫీసుకి కొత్త మేడమ్ వచ్చింది. వ్యానులో రాలేదు. గొడుగు పట్టుకుని సిటీ బస్సు దిగింది. నా దగ్గరికొచ్చి, కాసేపు స్టూలు మీద కూర్చోవచ్చా అని అడిగింది. ఎవరో అనుకున్నాను. రోజూ వచ్చేది, కూర్చునేది, చూసేది. మా ఆయనకి అనుమానమొచ్చి, మన మీదే నిఘా ఏమో, కరెంటు మీటరు సరిగ్గా ఉందో లేదో చూసుకో అన్నాడు. ఆఖరికి ఆవిడే తనెవరో చెప్పింది. చెప్పి, ఈ కూడలిలో వ్యాపారం చేసుకునే వాళ్ళందరితో ఓసారి మాట్లాడాలంది.

మందుల షాపు పైన ఖాళీ గది ఉంటే అందులో కూర్చున్నాం. మందుల షాపాయన, రొట్టెల కొట్టాయన, మేం మీసాలాయన అని పిలుచుకునే ట్రాఫిక్ పోలీసు, వెనక సందులో బడి వాచ్‌మన్ తాత, మేమిద్దరం. ఏదో చీవాట్లు పెట్టడానికే పిలిచిందనుకుని అందరం బిగదీసుకుని కూర్చున్నాం. ఆవిడ మాత్రం ఒకటే అడిగింది, ఆ పిల్ల గురించి మీకేం తెలుసో చెప్పమని.

మాకేం తెలుసు మేడమ్, మూగపిల్ల, అడుక్కుంటుంది, అన్నాడు రొట్టెల కొట్టాయన. అని ఊరుకోకుండా, పొద్దుటి రొట్టె ఇస్తే సగం తిని సగం గౌనులో దాచుకుంటుంది, అని చేర్చాడు. దాంతో మందుల షాపాయన అందుకున్నాడు. ఓసారి పిల్లకి జ్వరమొస్తే మాత్రలిచ్చాడట. పిల్ల తను వేసుకోకుండా వాళ్ళత్త కాలు చూపించి, దానికి పనికొస్తాయా అని సైగ చేసిందట. మీసాలాయన గొంతు సవరించుకుని, కళ్ళు కనిపించని వాళ్ళు రోడ్డు దాటాలంటే నేను ఈల వేసేలోపే ఆ పిల్ల వెళ్ళి చెయ్యి పట్టుకుంటుందండీ, అన్నాడు. పడుకునే ముందు రోజూ వాళ్ళత్త కాలు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతుందని నేను చెప్పాను. అందరికంటే ఆఖరున వాచ్‌మన్ తాత నోరు విప్పాడు. మధ్యాహ్నం పూట పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే ఆ పిల్ల బడిగోడ బయట నిలబడి ఉంటుందట. పెదవులు కదులుతుంటాయట, శబ్దం మాత్రం రాదట.

 ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా పక్కపక్కన బతుకుతున్నాం. ఎవరికి వాళ్ళం ఏదో చిన్న ముక్క చూశాం. ఆ ముక్కలన్నీ ఒకచోట చేరేసరికి ఒక నిండు మనిషి మా మధ్యకొచ్చి కూర్చున్నట్టయింది. 

 మేడమ్ నెమ్మదిగా అంది. "ఈ పిల్లకి ఎవరూ లేరని మా ఆఫీసులో అనుకుంటున్నారు. ఇంతమంది ఉన్నారని నాకే ఇప్పటిదాకా తెలీదు."

ఆవిడ ఆలోచన తేలిగ్గా అర్థమయ్యేదే. పిల్లని ఒక్కదాన్నే తీసుకెళ్తే వాళ్ళత్త ఇక్కడే ఉంటుంది, అత్త ఇక్కడుంటే పిల్ల కొండలు దాటైనా ఇక్కడికే వస్తుంది. కాబట్టి ముందు పెద్దావిడ కాలు బాగుచేయించాలి, ఇద్దరికీ కలిపి ఒక గది చూడాలి, పెద్దావిడకి కూర్చుని చేసే పని చూడాలి, ఆ తర్వాతే బడి. ఇదంతా సర్కారు చేస్తుంది, చేయించే పూచీ నాది, అంది. ఆ తర్వాత పిల్ల మళ్ళీ రోడ్డెక్కకుండా చూసుకోవాల్సింది మాత్రం మీరే, అంది.

అంత సులువుగా ఏమీ జరగలేదు. హోంలో పడేస్తే తెమిలిపోయే దానికి ఇంత తతంగమెందుకని ఆవిడ పై అధికారి ఒంటికాలి మీద లేచాడట. ఆవిడ అదే అర్జీ పట్టుకుని చెవిలో జోరీగలా తిరిగి తిరిగి సంతకం పెట్టించుకుంది. ఇక్కడ మేమూ ఒక మాట అనుకున్నాం. ఎవరమూ ఆ పిల్ల చేతిలో చిల్లర వెయ్యకూడదు, తిండి మాత్రం కొట్టులో కూర్చోబెట్టి పెట్టాలి. బండ్లలో వచ్చేవాళ్ళకి చెప్పేదెవరు? మీసాలాయనే మైకు అందుకున్నాడు. ఎర్రదీపం పడగానే, "బాబూ, పిల్లకి డబ్బులివ్వకండి, ఆ పిల్లని బడికి పంపే పనిలో ఉన్నాం, ఇవ్వాలనిపిస్తే దిగి వచ్చి ఒక చెయ్యి వెయ్యండి" అనేవాడు. మొదట్లో నవ్వారు. తర్వాత నిజంగానే కొందరు బండి పక్కకి ఆపి దిగి వచ్చారు. ఒకాయన అత్త కోసం చక్రాల కుర్చీ బండి తెచ్చిచ్చాడు.

మేడమ్ అత్త దగ్గరికి వెళ్ళిన రోజు నేనూ వెళ్ళాను. ఆవిడని చూడగానే అత్త పిల్ల మణికట్టు గట్టిగా పట్టేసుకుంది. పట్టు ఎంత గట్టిదంటే వేళ్ళు పాలిపోయాయి. మేడమ్ ఆ మెట్టు మీదే, దుమ్ములో, పక్కన కూర్చుని, కాలు ఎప్పట్నుంచి ఇలా ఉంది అక్కా అని అడిగింది. పిల్ల మాటే ఎత్తలేదు. నేను చూస్తుండగానే అత్త వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

పెద్దాసుపత్రిలో ఎముక విరిచి మళ్ళీ అతికారు. అత్త మంచం పక్కనే పిల్లకి పరుపు వేయించింది మేడమ్. కట్లు విప్పాక, సర్కారు వాళ్ళు కష్టంలో ఉన్న ఆడవాళ్ళకి ఇచ్చే గదుల్లో ఒకటి ఇప్పించింది. సామాను మోయడానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. సామానేముంది, ఒక మూట. గదిలో ఒక కిటికీ, రెండు మంచాలు, తలుపుకి లోపలి వైపు గడియ. పిల్ల మంచాలు చూడలేదు, కిటికీ చూడలేదు. తిన్నగా వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. గడియ పడిన చప్పుడు విని మా అందరి వైపు చూసింది. ఇంకెవరూ రాలేరా అన్నట్టు. ఎవరూ రారమ్మా అన్నాడు మా ఆయన.  పిల్ల తలుపుకి వీపు ఆనించి కూర్చుని, అలాగే నిద్రపోయింది. పట్టపగలు, నోరు తెరుచుకుని, చంటిపిల్ల నిద్రపోయినట్టు.

అత్తకి ఆసుపత్రిలోనే, ఉతికిన దుప్పట్లు కూర్చుని మడతపెట్టే పని దొరికింది. పిల్ల బడికి వెళ్ళింది. వాచ్‌మన్ తాత ఆ రోజు తలదువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

బడి పంతులమ్మ మంచిది. మాట రాకపోయినా పలక మీద రాయడం నేర్పింది. పిల్ల వారాల్లో అక్షరాలు పట్టేసింది. పంతులమ్మకే ఏదో తేడాగా అనిపించి, చెవులూ గొంతూ చూపించమని మేడమ్‌తో చెప్పింది. డాక్టరు చూశాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయి, గొంతులో ఏ లోపమూ లేదు, ఈ పిల్ల ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలియడం లేదన్నాడు.

ఆ మాట చెప్పడానికి మేడమ్ సాయంత్రం నా కొట్టుకొచ్చింది. అత్త కూడా పని నుంచి వస్తూ అక్కడే ఉంది. విని ముఖం దించుకుంది. నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను.

"నేనే వద్దన్నాను" అంది అత్త. "మొదటిరోజు ఈ కూడలిలో ఒకాయన కారాపి, మీ అమ్మేది, ఎక్కడుంటావు, నిన్ను తీసుకెళ్తాను అన్నాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిస్తే నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతారే, అన్నాను. నువ్వు మూగదానివి, ఎవరడిగినా మూగదానివే, అన్నాను. మొదట్లో పడుకునేటప్పుడు గుసగుసగా మాట్లాడేది. ఆ తర్వాత అదీ మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకే తెలీదు వదినా."

 నాకు హోం గుర్తొచ్చింది. ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగి ఉంటారు. భయపెట్టి, బుజ్జగించి, బొమ్మలు చూపించి. చీకట్లో ఒక్కతే పడుకుని ఎన్నిసార్లు ఏడుపొచ్చి ఉంటుంది. ఆ ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది. పెద్దాళ్ళం మనం, ఒక రహస్యం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాచలేం. ఆ పసిది ఏళ్ళ తరబడి తన గొంతునే దాచిపెట్టింది, అత్త చెయ్యి వదలకుండా ఉండటానికి.

"ఇన్నాళ్ళూ మేం ఆ పిల్లకి సాయం చేస్తున్నామనుకున్నాను" అంది మేడమ్. 

ఆ రోజు నుంచి అత్త బతిమాలింది. మాట్లాడవే తల్లీ, ఇక ఎవరూ తీసుకుపోరు, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అని కాళ్ళావేళ్ళా పడింది. పిల్ల నోరు తెరిచేది, మెడ నరాలు బిగిసేవి, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కంగారుపడి నోరు మూసుకునేది. డాక్టరు అడగడం మానెయ్యమన్నాడు. కాళ్ళలాగే గొంతూ నడక మర్చిపోతుంది, దానంతట అది లేవాలి, ఎవరూ నిలబడి చూడకండి, అన్నాడు. సరేనని అందరం మామూలుగా ఉండటం నేర్చుకున్నాం. పంతులమ్మ పలక మీదే ప్రశ్నలడిగేది. నేను ఇదివరకటిలానే నా సోది నేను చెప్పుకునేదాన్ని, పిల్ల బడి నుంచి వస్తూ బల్ల పక్కన నిలబడి వినేది. మామిడిపూత కాలం పోయింది, ఎండలు పోయాయి, వానలొచ్చాయి.

ఒక సాయంత్రం కూడలిలో కొత్త పిల్ల కనిపించింది. ఐదేళ్ళుంటాయేమో, చిన్నది. పెద్ద గౌను కాళ్ళకి అడ్డం పడుతుంటే బండ్ల మధ్య చెయ్యి చాచుకుని తిరుగుతోంది. మీసాలాయన బండ్లాపి, ఎత్తుకుని నా కొట్టు ముందు దించాడు. ఎవరి పిల్లవే, మీ అమ్మేది, అని నేను, రొట్టె చేత్తో పట్టుకుని రొట్టెల కొట్టాయన, మందుల షాపాయన, అందరం చుట్టూ మూగాం. చిన్నది గోడకి కరుచుకుపోయి వణుకుతోంది. రొట్టె వైపు కూడా చూడలేదు. మేడమ్‌కి ఫోన్ చేద్దామనుకుంటుండగా మా పిల్ల బడి సంచీతో వచ్చింది.

మా కాళ్ళ మధ్య నుంచి దూరి ముందుకొచ్చింది. ఆ చిన్నదాని ముఖం చూసింది. సంచీ కింద పెట్టి, తడి నేల మీద దాని పక్కనే కూర్చుంది. కాసేపు ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఊరికే కూర్చున్నారు.

అప్పుడు వినిపించింది.

"నన్నూ తీసుకెళ్ళారు" అంది మా పిల్ల.

బొంగురు గొంతు. తుప్పు పట్టిన గడియ కదిలినట్టుంది. ముందు ఎవరన్నారో నాకు అర్థం కాలేదు. చుట్టూ చూశాను. మీసాలాయన ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. పిల్ల మా ఎవరి వైపూ చూడటం లేదు. ఒక్కొక్క మాటనీ లోపల నుంచి మోసుకొచ్చి కింద పెడుతున్నట్టు, ఆగి ఆగి మాట్లాడుతోంది.

"ఇప్పుడు అలా తీసుకెళ్ళరు. మా అత్త నాతోనే ఉంది. మాకు గది ఉంది, లోపల గడియ ఉంది. మీ అమ్మని కూడా చూస్తారు. ఎక్కడుందో నాకు చెప్పు. నా చెవిలో చెప్పు."

చిన్నది తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత రెండు చేతులూ మా పిల్ల చెవి చుట్టూ అడ్డం పెట్టి, పెదవులు ఆనించి ఏదో చెప్పింది. చుట్టూ అంతమందిమి ఉన్నాం, మాకెవరికీ వినిపించలేదు. పచ్చదీపం పడి బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆ చప్పుడంతా ఎక్కడో దూరంగా ఉన్నట్టనిపించింది నాకు.

పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, వాళ్ళమ్మ వంతెన కింద ఉందట. లేవలేకపోతోందట. మేడమ్‌కి చెప్పు."

ఆ పిల్ల నోట 'అక్కా' అని వినడం నాకదే మొదలు. ఫోన్ తీశాను గానీ ఒక అంకె బదులు ఇంకొకటి నొక్కుతున్నాను. మందుల షాపాయన నా చేతిలోంచి తీసుకుని చేశాడు.

మేడమ్ వచ్చింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మీసాలాయన దారి చేశాడు, రొట్టెల కొట్టాయన షట్టరు దించి, అత్తకిక అవసరం లేని కుర్చీ బండి తోసుకుంటూ ముందు నడిచాడు. అడుక్కోవడం అలవాటైన ప్రాణమన్న మనిషి ఆయనే. వంతెన కింద ఆ తల్లి జ్వరంతో కాలిపోతోంది. తల్లినీ బిడ్డనీ ఒకే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మా పిల్ల వాళ్ళతో పాటు ఎక్కింది. చిన్నది దాని చెయ్యి వదల్లేదు మరి.

అత్త ఆ వేళ ఆసుపత్రి వెనక గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. నేను ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు. ఇలాంటి వాటితో హాస్యమాడకు వదినా అని పెట్టేసింది. ఆ తర్వాత జరిగింది మర్నాడు తనే నా కొట్టులో కూర్చుని చెప్పింది.

దుప్పట్ల గుట్టల మధ్య నుంచి చూస్తే గుమ్మంలో పిల్ల నిలబడి ఉందట. బడి బట్టలు బురదయ్యాయట. ఏమైందే అని లేవబోయిందట.

"అత్తా, ఆకలేస్తోంది" అందట పిల్ల.

అత్త లేవలేదట. చేతిలో దుప్పటి సగం మడతలో అలాగే పట్టుకుని కూర్చుండిపోయిందట. ఆ గొంతు తను గుర్తుపెట్టుకున్న గొంతు కాదట, బాగా పెద్దదైపోయిందట. పిల్ల దగ్గరికొచ్చి, విన్లేదేమో అనుకుని, ఇంకాస్త గట్టిగా మళ్ళీ అందట.